ఉపకారమా, వేతనమా?

పోయిన నెల మా చిన్నాయన కొడుకు జమ్మూ వైపు నుంచి ఫోన్ చేశాడు. వాడు అగ్నివీర్. 2023 జనవరిలో శిక్షణకి వెళ్ళిన మొదటి బ్యాచ్. నాలుగేళ్ళు నిండడానికి ఇంకెన్నో నెలలు లేవు. సర్వీసులో ఉన్నంతకాలం అగ్నివీరులు పెళ్ళి చేసుకోకూడదు. బయటికి రాగానే చేసేద్దామని పుంగనూరులో ఇంట్లోవాళ్ళు అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. మదనపల్లెలో ఒకటి కుదిరేలా ఉంది. అమ్మాయి బీటీ కాలేజీలో డిగ్రీ చేసింది. అన్నీ మాట్లాడుకున్నాక అమ్మాయి వాళ్ళ నాన్న ఒక మాట అడిగాడట: "మిలిటరీ వాళ్ళ పిల్లలకి సదువుల కర్సు గవర్నమెంటే సూసుకుంటాది గదా. ఈ నాలుగేండ్లోళ్ళకి గూడా ఉంటాదా?"

మా చిన్నాయనకి ఏం చెప్పాలో తెలీలేదు. "మా అన్న కొడుకు ఆ కోటాలోనే సదివినాడు, కనుక్కోని చెప్తా" అని లేచి వచ్చేశాడు.

"అన్నా, ఉంటాదా ఉండదా, అది చెప్పు సాలు" అన్నాడు తమ్ముడు.

ఉండదు. అది చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అగ్నిపథ్ నియమాల్లో స్పష్టంగానే ఉంది: నాలుగేళ్ళు చేసి బయటికొచ్చినవాడికి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. పిల్లల చదువుకి వచ్చే సాయాల్లో చాలాభాగం ఆ హోదా మీదే ఆధారపడి ఉంటాయి. నాలుగోవంతుకి మించకుండా కొందరిని రెగ్యులర్‌గా తీసుకుంటారు. అందులో వాడు ఉంటే అది వేరే కథ.

"ఎందుకు ఉండదన్నా? నీకు ఉండె గదా?"

ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వాడికి ఎందుకు ఉండదో చెప్పాలంటే, నాకు ఎందుకు ఉండిందో ముందు నాకు తెలియాలి. తెలీదు. మిలిటరీ కోటాలో ఇంజినీరింగు చదివి, ఆ చదువుతో ఉద్యోగం తెచ్చుకుని, పదేళ్ళ పైబడి ఆ జీతం తింటూ ఉన్నాను గానీ, అది నాకు ఏ లెక్కన వచ్చిందో ఒక్కరోజూ కూర్చుని ఆలోచించలేదు.

స్కాలర్‌షిప్‌కి తెలుగులో మనం వాడే మాట ఉపకారవేతనం. చిన్నప్పుడు ఎన్నో దరఖాస్తుల మీద ఈ మాట రాశాను. విడదీసి చూసింది మాత్రం ఆ ఫోన్ తర్వాతే. ఉపకారం అంటే చేసేవాడి దయ. చెయ్యకపోతే అడిగే హక్కు లేదు, చేస్తే మర్చిపోకూడదు. వేతనం అంటే చేసిన పనికి రావలసింది. ఇవ్వకపోతే నిలదీయొచ్చు, ఇస్తే దండం పెట్టాల్సిన పని లేదు. ఒకదానికొకటి సరిపడని ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి మనం ఇన్నాళ్ళూ హాయిగా వాడుకుంటున్నాం. సైనికుల పిల్లల చదువు సాయం గురించి ఆలోచించేటప్పుడు వచ్చే చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉందనిపిస్తుంది నాకు.

ముందు ఉన్నవేమిటో చెప్పాలి. మొదటిది 1971 యుద్ధం తర్వాత వచ్చింది. యుద్ధంలో చనిపోయిన, గల్లంతైన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లలకి ట్యూషన్ ఫీజు వగైరా కేంద్రమే భరిస్తుంది. రెండోది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్, 2006-07లో మొదలైంది. ఇది అధికారుల కంటే కింది ర్యాంకుల్లో పనిచేసి వచ్చిన మాజీ సైనికుల పిల్లలకి, వితంతువులకి. ఇంజినీరింగు, మెడిసిన్ లాంటి వృత్తి విద్యా కోర్సులకి ఏడాదికి 5,500 మందికి ఇస్తారు, సగం అబ్బాయిలు, సగం అమ్మాయిలు. 2019 నుంచి అబ్బాయిలకి నెలకి 2,500, అమ్మాయిలకి 3,000 రూపాయలు. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. మూడోది డబ్బు రూపంలో కాదు, సీటు రూపంలో వస్తుంది. మన రాష్ట్రంలో ఇంజినీరింగు ప్రవేశాల్లో సైనికుల పిల్లలకి 2 శాతం సీట్లు. కౌన్సెలింగ్ భాషలో 'క్యాప్' కేటగిరీ.

నాకు 2008లో వచ్చింది ఆ మూడోది. మా నాయన మద్రాస్ శాపర్స్‌లో హవల్దారుగా చేసి వచ్చాడు. వచ్చాక బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ గార్డు. సర్టిఫికెట్ కోసం చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఇద్దరం పోయాం. ముందురోజే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. డిశ్చార్జి బుక్కు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని మళ్ళీ గుడ్డ సంచిలో పెట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్ళోనే ఉంచుకున్నాడు. పేరు పిలవగానే లేచి నిటారుగా నిలబడ్డాడు. పని పది నిమిషాల్లో అయిపోయింది. బయట టీ తాగుతూ "ఇంక నీ పని" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మదనపల్లెలో ఇంటర్ హాస్టల్లో నా పక్క మంచం కుప్పం కుర్రాడిది. వాళ్ళ నాన్న తాపీ పని. కుప్పంలో సోమవారం తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోతే శనివారం రాత్రికి ఇంటికి చేరేవాడు. ఎంసెట్‌లో వాడి ర్యాంకు నా కంటే దాదాపు ఎనిమిది వేలు మెరుగు. నాకు కంప్యూటర్ సైన్సు వచ్చిన కాలేజీలోనే వాడికి సివిల్ వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి చేరగలిగాడు. నా మీద కోపమేమీ లేదు వాడికి, ఇప్పటికీ లేదు. చేరిన కొత్తలో ఒకరోజు మెస్‌లో తింటూ మాత్రం అన్నాడు: "మీ నాయన చేసినాడు, సరే. నువ్వేం చేసినావ్ రా?"

నవ్వేసి ఊరుకున్నాను. జవాబు లేక.

ఆ జవాబు ఇప్పుడు వెతుకుతున్నాను. తమ్ముడి ప్రశ్నకీ, కుప్పం స్నేహితుడి ప్రశ్నకీ మూలం ఒక్కటేనని నా అనుమానం.

అందరూ ముందు చెప్పే జవాబు: ఇది దేశం చూపించే కృతజ్ఞత. వినడానికి బావుంటుంది, పంద్రాగస్టు సభల్లో ఇంకా బావుంటుంది. దీని లెక్కలోకి దిగితే మాత్రం ఇబ్బంది మొదలవుతుంది. కృతజ్ఞత పనిచేసినవాడి మీద ఉండాలి, వాడి కొడుకు మీద ఎందుకు? కులం మీద వచ్చే రిజర్వేషన్ దగ్గర ఈ ప్రశ్న రాదు. అక్కడ అన్యాయం జరుగుతున్నది ఆ పిల్లకే, సీటు వస్తున్నదీ ఆ పిల్లకే. నా విషయంలో చేసింది ఒకరు, పుచ్చుకున్నది ఇంకొకరు. పైగా కృతజ్ఞతకి కొలతలుంటాయి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి ఒక వరుస ఉంది: యుద్ధంలో మరణించినవారి పిల్లలు ముందు, వికలాంగులైనవారి పిల్లలు తర్వాత, శౌర్య పతకాలు పొందినవారి పిల్లలు ఆ తర్వాత, మామూలుగా పనిచేసి క్షేమంగా తిరిగొచ్చినవారి పిల్లలు చిట్టచివర. ఆ వరుసని తప్పు పట్టలేను. కానీ నా చోటు చిట్టచివర ఉండడానికి కారణం మా నాయన బతికి రావడమే కదా. అలాంటి చోట నిలబడి కృతజ్ఞత గురించి మాట్లాడాలంటే నాకు మాట తడబడుతుంది.

ఇంకో చిక్కుంది. కృతజ్ఞత ఎప్పుడు ఎంత చూపించాలన్నది చూపించేవాడి ఇష్టం. 1971 తర్వాత వచ్చిన ఆ మొదటి పథకానికే 2017 జూలై నుంచి నెలకి పదివేల పరిమితి పెట్టారు. ఎంత ఫీజైనా కడతామన్నది కాస్తా ఇంతవరకే కడతాం అయింది. యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లల చదువు అది. సైన్యం లోపలినుంచే అభ్యంతరాలు వచ్చాయి, నౌకాదళాధిపతి రక్షణమంత్రికి ఉత్తరం రాశారు. 2018 మార్చిలో పరిమితి ఎత్తేశారు. ఎత్తేశారు కాబట్టి కథ సుఖాంతమే. కానీ ఆ ఎనిమిది తొమ్మిది నెలల్లో ఒక సంగతి బయటపడింది. ఉపకారం అనుకున్నంతకాలం ఏదో ఒక ఆర్థిక సంవత్సరంలో ఎవరో ఒకరు దాని మీద కత్తెర పెట్టగలరు. పెట్టినప్పుడు 'ఇది మా హక్కు' అనడానికి నోరు రాదు.

రెండో జవాబు మా నాయనది. ఆయన దృష్టిలో ఇది కృతజ్ఞతా కాదు, దయా కాదు. "సర్వీసులో ఇచ్చిన జీతం సగమే రా. మిగతా సగం ఇట్లా ఇస్తాండారు" అంటాడు. అంటే వేతనం, బాకీ పెట్టి తర్వాత ఇచ్చే జీతం. నాకు చాలాకాలం ఇదే సరైన జవాబు అనిపించింది. ఇందులో గౌరవం ఉంది. ఎవరికీ తల వంచక్కర్లేదు. స్నేహితుడు అడిగినదానికి కూడా జవాబు దొరుకుతుంది: నేనేం చెయ్యలేదు, మా నాయన సంపాదించాడు, నేను తిన్నాను, అందరి పిల్లల్లాగే.

అయితే జీతం మార్కులు అడగదు. మా నాయనకి ఒకటో తారీకున డబ్బు వేసేటప్పుడు ఆయన కొడుక్కి ఇంటర్‌లో ఎంతొచ్చిందని ఎవరూ చూడలేదు. స్కాలర్‌షిప్‌కి 60 శాతం కావాలి, ఎంసెట్ ర్యాంకు కావాలి, 5,500లో ఒకడు కావాలి. మా నాయనతో పాటు అదే యూనిట్లో అన్నేళ్ళూ పనిచేసిన ఒకాయన కొడుకు ఇంటర్ తప్పాడు. ఆ ఇంటికి రావలసిన 'మిగతా సగం జీతం' ఎక్కడికి పోయింది? బాకీ అయితే అందరికీ తీర్చాలి. చదువులో ముందున్న పిల్లలున్న ఇళ్ళకి మాత్రమే తీర్చే బాకీని జీతం అనలేం.

అమెరికావాళ్ళు ఈ వేతనం ఆలోచనని మనకంటే తిన్నగా అమలు చేశారు. 1944లో వాళ్ళు తెచ్చిన జీఐ బిల్లు యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడికే చదువు ఖర్చు ఇచ్చింది. దాదాపు 22 లక్షలమంది దాంతో కాలేజీలకి పోయారు. నల్లజాతి సైనికుల్లో చాలామందికి, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల్లో, అది సరిగ్గా అందనివ్వలేదన్నదీ ఆ చరిత్రలో భాగమే. 2009 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఐ బిల్లులో 36 నెలల చదువు సైనికుడి ఖాతాలో ఉంటుంది. కావాలంటే దాన్ని భార్యకో పిల్లలకో బదిలీ చెయ్యొచ్చు. బదిలీకి షరతు: కనీసం ఆరేళ్ళు చేసి ఉండాలి, ఇంకో నాలుగేళ్ళు చేస్తానని ఒప్పుకోవాలి. ఇందులో దాపరికం లేదు. చదువు సైనికుడి సొత్తు, పిల్లలకిస్తే అది ఆయన ఇచ్చినట్టు. మన దగ్గర తండ్రికి ఆ ఖాతా లేదు. తండ్రిని చూపించి పిల్లాడు అడుక్కోవాలి.

మూడో జవాబు అవసరం. సిపాయిలుగా పోయేది ఎక్కువగా పేదింటివాళ్ళే, కాబట్టి సాయం. ఇది సరిపోదు. అవసరాన్ని చూసి ఇచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో వేరే ఉంది. రాజశేఖరరెడ్డి కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌గా వచ్చింది, పేర్లు మార్చుకుంటూ నడుస్తూ ఉంది. ఆదాయం ఇంతకి మించకూడదు అని ఒక గీత గీస్తుంది, తండ్రి ఏం పని చేశాడని అడగదు. కుప్పం స్నేహితుడు చదివింది దానిమీదే. అవసరమే కొలబద్ద అయితే, పెన్షనూ సెక్యూరిటీ జీతమూ వచ్చే మా ఇంటికంటే వాడి ఇల్లే ముందు.

కృతజ్ఞత, జీతం, అవసరం మూడూ పోయాక నాకు మిగిలినది ఒక్కటే. చెప్పడానికి కొంచెం సంకోచంగా ఉంది, ఎందుకంటే ఇది నా గురించి.

ఈ సాయం అసలు ఆ పిల్ల పోగొట్టుకున్నదానికి. నేను పుట్టినప్పుడు మా నాయన పంజాబులో ఉన్నాడు. ఏడాదికి రెండు నెలలు లీవు. వచ్చిన మొదటి రెండు మూడు రోజులు నేను ఆయన దగ్గరికి పోయేవాణ్ణి కాదట, మా అవ్వ కొంగు పట్టుకుని తలుపు వెనకాల నిలబడేవాణ్ణట. అలవాటయ్యేసరికి లీవు అయిపోయేది. రెండేళ్ళు ఫ్యామిలీ క్వార్టర్స్ దొరికితే అమ్మా నేనూ పోయాం. అక్కడ హిందీ మీడియంలో ఒకటి, రెండు తరగతులు చదివి తిరిగొచ్చాను. పుంగనూరు బళ్ళో నాకు తెలుగు రాయడం రాదని మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. 1999లో కార్గిల్ జరుగుతున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆయన అక్కడ లేడు, వేరే చోట ఉన్నాడు. ఆ సంగతి మాకు తెలియడానికి ఉత్తరం రావాలి. ఆ ఉత్తరం వచ్చేదాకా మా అవ్వ రేడియో పెట్టనివ్వలేదు.

దేశం తండ్రిని తీసుకున్నప్పుడు ఆ పిల్లాడి దగ్గర్నుంచి కూడా కొంత తీసుకుంది. వాణ్ణి అడగలేదు. వాడు సంతకం పెట్టలేదు. తండ్రికి ఇచ్చిన జీతంలో తండ్రి పనికి లెక్కుందేమో గానీ, పిల్లాడు పోగొట్టుకున్నదానికి లెక్క లేదు. చదువు ఆ లెక్కలో తిరిగి ఇస్తున్నది అనుకుంటే చాలావరకు అర్థమవుతుంది. పిల్లాడికే ఎందుకంటే, పోయింది వాడిది కాబట్టి. చదువు రూపంలోనే ఎందుకంటే, ఊళ్ళు మారడంలో, భాషలు మారడంలో, ఇంట్లో చెప్పేవాళ్ళు లేకపోవడంలో దెబ్బతిన్నది ముందుగా చదువే కాబట్టి. తండ్రిని పూర్తిగా పోగొట్టుకున్నవాళ్ళు వరుసలో ముందెందుకో కూడా దీంతో అర్థమవుతుంది. అక్కడ కొలుస్తున్నది తండ్రి వీరత్వాన్ని కాదు, పిల్లకి జరిగిన నష్టాన్ని.

ఇది దొరికినందుకు సంతోషపడి స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు బెంగుళూరులో సైట్ ఇంజినీరు. పద్దెనిమిదేళ్ళ కిందటి నీ ప్రశ్నకి జవాబు దొరికిందిరా అని అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మా నాయన మాత్రం ఇంట్లో ఉన్నాడా?" అన్నాడు.

నిజమే. వారానికి ఒక ఆదివారం ఉండేవాడు, అదీ నిద్రపోతూ. మదనపల్లె, రాయచోటి చుట్టుపక్కల కువైట్ పోయిన తండ్రులూ తల్లులూ ఎంతమందో. రెండేళ్ళకోసారి వచ్చిపోతారు. లారీ డ్రైవర్ల ఇళ్ళున్నాయి. తండ్రి ఇంట్లో లేకపోవడమే లెక్కయితే, ఆ పిల్లలంతా నా వెనకాల వరుసలో నిలబడాలి. కొందరు నా ముందే నిలబడాలి.

తేడా ఉంది, దాన్ని చెప్పడానికి ప్రయత్నిస్తాను. వాళ్ళ నాన్న మేస్త్రీతో పడకపోతే మధ్యాహ్నం రైలుకి కుప్పం వచ్చేయగలడు. కూలి పోతుంది, అంతే. మా నాయన అలా వచ్చేస్తే అది నేరం, కోర్టు మార్షల్. రాజ్యాంగంలోని 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కుల్ని కుదించే అధికారం పార్లమెంటుకిచ్చింది. 1950 సైనిక చట్టం దాని మీద నిలబడింది. సంఘం పెట్టుకోకూడదు, అనుమతి లేకుండా పత్రికతో మాట్లాడకూడదు, పొమ్మన్న చోటికి పోవాలి. తండ్రిని ఇంటికి రానివ్వనిది ప్రభుత్వ ఆజ్ఞ అయినప్పుడు, ఆ లోటు తీర్చాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే. ఇంతవరకు నా వాదన నిలుస్తుందనుకుంటాను. కానీ స్నేహితుడి నాన్నని రైలెక్కించింది కూడా ఒక ఆజ్ఞే. సంతకం లేని ఆజ్ఞ, ఆకలిది. ఆ రెండింటి మధ్య తేడా ఉంది గానీ, ఎనిమిది వేల ర్యాంకుల తేడా ఉందా అంటే నాకు ధైర్యం చాలదు. నా సీటు అన్యాయం అనను. వాడికి ఆ బ్రాంచి రాకపోవడం న్యాయం అని కూడా అనలేను.

అసలు ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. నా వాదనని తమ్ముడి మీద పెట్టి చూశాను.

అగ్నివీరుడు పదిహేడున్నర ఏళ్ళకి పోవచ్చు. నాలుగేళ్ళు చేస్తాడు. ఆ నాలుగేళ్ళూ పెళ్ళి ఉండదు. వాడికి పుట్టబోయే పిల్లలు వాడు బయటికొచ్చాకే పుడతారు. రోజూ రాత్రి తండ్రిని చూస్తారు. వాళ్ళు పోగొట్టుకున్నది ఏమీ లేదు. నా వాదన ప్రకారం వాళ్ళకి రావలసిందీ ఏమీ లేదు. తమ్ముడికి న్యాయం చెప్పాలని మొదలుపెట్టి, వాడికి ఏమీ ఇవ్వక్కర్లేదన్న చోటికి వచ్చి పడ్డాను. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. కోటా తిన్నవాడు కోటా లేనివాడికి 'నీకెందుకు అక్కర్లేదో' వివరించడం కంటే అసహ్యం ఇంకోటి ఉండదు.

వాదనని విదిలించుకోవడం తేలిక. వాడూ సరిహద్దులోనే ఉన్నాడు గదా, వాడికీ ప్రమాదమే గదా అనొచ్చు. నిజం కూడా. 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన మురళీ నాయక్ అగ్నివీరే. మనకి దూరం కాదు, గోరంట్ల మండలం కల్లితండా. అంతకుముందు 2021 డిసెంబరులో కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్‌లో పోయిన లాన్స్ నాయక్ సాయితేజది మదనపల్లె పక్కన కురబలకోట మండలం, ఎగువరేగడ. ఇద్దరి కుటుంబాలకీ రాష్ట్రప్రభుత్వం 50 లక్షలు ప్రకటించింది. ప్రకటించాలి కూడా. కానీ ఆ మాట గమనించండి, ప్రకటించడం. మళ్ళీ ఉపకారం. చావుకి ఇచ్చేది వేరు, ఆ చావు రాకుండా తిరిగొచ్చిన మిగతా వేలమందికి రావలసింది వేరు. మొదటిది ఘనంగా ఇస్తున్నాం కాబట్టి రెండోది అడగకూడదన్నట్టు ఉంటుంది ఒక్కోసారి.

అందుకే వాదనని వదిలేయకుండా తిరగేసి అడిగాను. తమ్ముడి పిల్లలు ఏమీ పోగొట్టుకోలేదు, సరే. మరి తమ్ముడు ఏం పోగొట్టుకున్నాడు?

వాడు ఇంటర్ అయిపోగానే పోయాడు. ఆ నాలుగేళ్ళు సరిగ్గా ఇంజినీరింగు నాలుగేళ్ళు. నేను హాస్టల్లో ఉన్న వయసులో వాడు బంకరులో ఉన్నాడు. పాత పద్ధతిలో మా నాయన కూడా ఆ వయసులోనే పోయాడు గానీ, ఆయనకి బదులుగా ఒక జీవితకాలపు ఉద్యోగం, పెన్షన్ దొరికాయి. కాలేజీ అక్కర్లేకుండానే గడిచిపోయింది. తమ్ముడు ఇరవై రెండేళ్ళకి బయటికొస్తాడు. వాడితో చదివినవాళ్ళు అప్పటికి డిగ్రీ చేతబట్టుకుని బెంగుళూరులో రెజ్యూమేలు పంచుతుంటారు. వాడి దగ్గర్నుంచి తీసుకున్నది వాడి కాలేజీ. నా వాదన తప్పు చెప్పలేదు, నేనే తప్పు మనిషి గురించి అడిగాను. నా తరంలో సైన్యం తీసుకున్నది పిల్లల దగ్గర్నుంచి, కాబట్టి సాయం పిల్లలకి. ఈ తరంలో తీసుకుంటున్నది కుర్రాడి దగ్గర్నుంచే, కాబట్టి రావలసింది కుర్రాడికి. 1944లో అమెరికావాళ్ళు చేసింది అదే కదా.

ఏమీ లేదని అనకూడదు. సేవా నిధి అని పన్ను లేకుండా పది లక్షల పైచిలుకు వస్తుంది. అందులో సగం వాడి జీతంలోంచి నెలనెలా పట్టుకున్నదే, మిగతా సగం ప్రభుత్వం కలుపుతుంది. ఇగ్నో ఒక మూడేళ్ళ డిగ్రీ పెట్టింది, సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే ఇస్తుంది. మిగతా సగం చదువుకోవాలి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో కొంత కోటా ఉంది. ఇవన్నీ పనికొచ్చేవే. కానీ రోజూ క్లాసుకి పోయే కాలేజీలో సీటు, దానికి ఫీజు, ఆ మూడు నాలుగేళ్ళు ఇల్లు గడవడానికి ఏదో కొంత? అది ఉపకారంగా కాదు, వాడు ఇచ్చిన నాలుగేళ్ళకి బదులు నాలుగేళ్ళుగా రావాలి. పది లక్షలు చేతిలో పడితే పుంగనూరులో ఏమవుతుందో నాకు తెలుసు. అక్క పెళ్ళికి చేసిన అప్పు తీరుతుంది, బోరు పడుతుంది, మిగిలినది పెళ్ళికి. దాన్ని చదువు ఖర్చుగా చూసే ఇల్లు కాదు మాది. ఆ ఇంటిని తప్పు పట్టను.

వచ్చే ఆదివారం చిన్నాయనతో కలిసి మదనపల్లె పోతున్నాను. అమ్మాయి నాన్నకి నేనే చెప్పాలట. ఉన్నదున్నట్టు చెప్తాను. కోటా ఉండదండీ. పుట్టబోయే పిల్లల చదువు మిగతా అందరి పిల్లల చదువు లాంటిదే. దానికంటే ముందు అబ్బాయి చదువుకోవాల్సి ఉంది, మూడేళ్ళు పడుతుంది, మీ అమ్మాయికి డిగ్రీ ఉంది కాబట్టి ఆమెకి ఉద్యోగం ముందు రావొచ్చు. ఆ తర్వాత కుదిరితే కుదురుతుంది, లేకపోతే లేదు.

తమ్ముడికి ఇదంతా మొన్న ఫోన్లో చెప్పాను. ఫీజు నేను కడతానని కూడా అన్నాను. మా నాయన సర్వీసు వల్ల నాకొచ్చిన చదువు నా దగ్గరే ఆగిపోవాలని ఎక్కడా రాసిలేదు. వాడు కాసేపు మాట్లాడలేదు.

"ఊరికే వద్దన్నా. అప్పుగా ఇయ్యి" అన్నాడు చివరికి.

వాడికి ఉపకారం ఇష్టం లేదు. అర్థం చేసుకోగలను. సరే అన్నాను.